కాన్పు తుపాకి

మా నాయినను దారిలో ఆపి, లారీ ఎక్కించి తీసుకుపోయారు. మళ్లీ పంపలేదు. ఎక్కడికి తీసుకుపోయారో, ఏం చేశారో ఈ రోజు దాకా ఏ సర్కారూ చెప్పలేదు. ఆయన చేతిలో తుపాకి ఉన్న మాట నిజమే. అందులో మందు లేదు, గుండు లేదు. కాన్పు కాక కొట్టుకుంటున్న సొంత కూతురి దగ్గరికి దాన్ని తీసుకుపోతున్నాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే పూర్వాపరాలు మొదలుపెట్టగానే "ముసలాయన చాదస్తం" అని లేచిపోయే వాళ్లను నా జన్మలో చాలామందిని చూశాను.

ఇప్పుడు నేనుండే ఇంటికి కొంచెం దూరంలో, మేళ్లచెరువు వైపు గనుల్లో, మధ్యాహ్నం అన్నం వేళకు సున్నపురాయిని పేలుస్తారు. ముందు కాళ్ల కింద నేల జలదరిస్తుంది, తరువాత చప్పుడు వస్తుంది, గాలి ఇటు తిరిగితే ఆ వెనకనే వాసన వస్తుంది. ఈ మందు వేరు, మా ఇంటి మందు వేరు అని బుద్ధికి తెలుసు గానీ ముక్కు వినదు. కంచంలో చెయ్యి అట్లనే ఆగిపోతుంది. మా పెద్ద మనుమరాలు "తాతా, అన్నం చల్లారుతుంది" అంటుంది, నేను అప్పటికే హుజూర్‌నగర్‌కు అవతల, కృష్ణకు ఇవతల, జొన్న చేల నడుమ మా మట్టి ఇంటి వాకిట్లో ఉంటాను, మా నాయిన చాటలో మందు ఆరబోస్తూ ఉంటాడు.

ఆ మందు చేయడం మా ఇంట్లో ఎండ ముదిరిన రోజుల పని. పాత గోడల అడుగున తెల్లగా పూసే ఉప్పును గీకి తెచ్చి, నీళ్లలో మరిగించి, వడకట్టి, చల్లారబెడితే కుండ అంచుకు సూదుల్లాగా సురేకారం కట్టేది. అంగట్లో తెచ్చిన పసుపుపచ్చని గంధకం పెళ్లలు, కందికట్టెను కాల్చి ఆర్పిన మెత్తటి బొగ్గు, ఈ మూడింటినీ వేరువేరుగా నూరి, తడిపి, కలిపి, మా నాయిన ఎండలో ఆరబోసేవాడు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. పొద్దటి జొన్న గటకనే పచ్చిపులుసుతో మధ్యాహ్నం తినేవాళ్లం. చుట్ట కాల్చే ముసలివాళ్లు మా వాకిలి దరిదాపులకు వస్తే మా అవ్వ, అంటే నాయిన తల్లి, చీపురు పట్టుకొని లేచేది. "నీ చుట్ట పాడుగాను, ఊరంత లేపుతవా ఏంది!" అని తరిమేది. నాయిన నల్లబడ్డ వేళ్లతో నా ముక్కు మీద ఒక చుక్క పెట్టి నవ్వేవాడు.

ఆ తుపాకి మాది కాదు. గడిది, అంటే దొర గారిది. మాకు భూమి లేదు, మా నాయిన ఊరి పంటలకు కావలి. పందుల్ని బెదరగొట్టడానికి గడిలో ఒక మూలన పడి ఉన్న పాత తుపాకిని మా తాత కాలంలో ఇచ్చారట, పగిలిన చోట తాత ఇత్తడి కట్టు వేశాడు, అది ఆయన చేతి నుంచి నాయిన చేతికి వచ్చింది. ఇంటి ముందరి గుంజకు కట్టిన కొయ్య కొక్కేల మీద, మా అందరి కంటే ఎత్తున పడుకొని ఉండేది. నేను తరువాత ఎవరూ చెప్పకుండానే, దుకాణాల బోర్డులు, పొట్లాల కాగితాలు చూసి చదువు నేర్చుకున్నవాణ్ణి. పుస్తకాల్లో తుపాకి అన్న మాట కనబడితే చాలు ఆగి చదివేవాణ్ణి. ఏ పుస్తకంలోనూ మా వాకిట్లో ఉన్నన్ని మాటలు దొరకలేదు. మూతి నుంచి మందు కూరేది ఏదైనా బర్మారు. నిప్పు తాడుతో అంటించేది తోడా బందూకు, మాది అదే. చకుముకి రాయితో నిప్పు రాల్చేది ఇంకొకటి, ఇత్తడి టోపీ పెట్టి పేల్చేది మరొకటి, అవి మా నాయిన చెప్పగా విన్నవే. గడి దర్వాజ ముందు కాపలా కూచునే రోహిలా నడుములో దోపుకునేది తమంచా. దొర గారు వేటకు పట్టుకుపోయేది తూటాలు నింపే తోటాల బందూకు, దాన్ని మేము దూరం నుంచి చూసిన మాటే గానీ తాకింది లేదు. మా తుపాకికి మూతి ఉంది, చెవి ఉంది, డొక్క ఉంది. గొట్టం పక్కన పొడి మందు పెట్టే సన్నని బెజ్జాన్ని చెవి అనేవాళ్లు. పశువుకు పెట్టినట్టే అన్నీ పెట్టారు, ఒక్క కన్ను తప్ప. "కన్ను నాది గద," అనేవాడు నాయిన.

నిప్పు తాడును జామగి అనేవాళ్లు. నూలును పేని, సురేకారం నీళ్లలో ఉడకబెట్టి మా అమ్మ తయారుచేసేది. అంటిస్తే మంట లేకుండా, పురుగు తొలిచినట్టు మెల్లగా కాలుకుంటూ పోయేది. పొద్దున మంచె దిగి నాయిన ఇంటికి వచ్చేటప్పుడు దాని కొస ఇంకా ఎర్రగానే ఉండేది. వాడకట్టు ఆడవాళ్లు కొబ్బరి పీచు, ఎండు పిడక ముక్క పట్టుకొని ఎదురొచ్చేవాళ్లు, "ముత్తన్నా, జర అగ్గియ్యి" అని. అట్లా మా వీధిలో పొయ్యిలన్నీ మా నాయిన మణికట్టు చుట్టూ తిరిగిన తాడు నుంచే వెలిగేవి. ఆయన చేతి మీద మచ్చలు కూడా దానివే. మేము పిల్లలం వెదురు గొట్టంలో పచ్చి కాయలు కూరి, పుల్లతో పొడిచి పేల్చుకునేవాళ్లం, ఆ మచ్చల కోసం చేతుల మీద మసి పెట్టుకొని తిరిగేవాళ్లం.

పందులకు భయం పెట్టడం ఆ తుపాకి మొదటి పని అయితే, రెండో పని కాన్పు. ఇది వింటే ఇప్పటి వాళ్లు నవ్వుతారు. నవ్వండి. చుట్టుపట్ల పల్లెల్లో ఎవరికైనా నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగినా, పొద్దు పోయినా బయటపడకపోయినా మా ఇంటికి మనిషి వచ్చేవాడు. నాయిన తుపాకిని కడిగి, ఖాళీ చేసి, మూతి నేలవైపు పెట్టుకొని, చెప్పులు లేకుండా బయలుదేరేవాడు. ఆ ఇంటి గడప దగ్గర దాన్ని నిలబెట్టి మూతిలో నీళ్లు పోస్తే చెవి నుంచి సన్నని ధారగా నల్లగా కారేవి. చెంబులో పట్టి లోపల ఆమెకు తాగించేవాళ్లు. "గుండు ఎట్ల ఆగకుంట ఎల్లిపోతదో బిడ్డ గట్ల ఎల్లాలె," అనేది అవ్వ. దానికి ఒక్కటే కట్టడి. తుపాకి ఎత్తుకున్న మనిషి, ఆ నీళ్లు ఆ తల్లి గొంతులో దిగేదాకా, దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు. పలికితే దారి మూసుకుంటుంది. దారిలో దొర గారే ఎదురైనా నాయిన తల వంచి పోయేవాడు, దొర గారు కూడా పక్కకు తొలగేవాడు. కాన్పు తుపాకి పోతాందంటే గడి గుర్రం కూడా ఆగేది. గడి గుమాస్తా గారి బిడ్డకు నొప్పులు వచ్చినప్పుడు ఆయన స్వయంగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఆ తరువాత మాకు ఒక మేకపిల్లను పంపారు, దాన్ని నేను కాశాను.

ఆ నీళ్లలో ఏముంది, తుప్పు తప్ప? నాకు తెలుసు. కానీ అప్పుడు దవాఖాన మా పల్లెలకు ఎంత దూరమో కూడా నాకు తెలుసు.

అది వానలు వెనక్కి తగ్గిన కాలం. పజ్జొన్న కంకులు పాలు పట్టినాయి, గుట్టల మీద సీతాఫలాలు కన్నులు విప్పుతున్నాయి, తంగేడు పూత మొదలైంది, ఆడపిల్లలు బతుకమ్మ పాటలు గొంతులో సవరించుకుంటున్నారు. వంద గడపల ఊరు ఆ ఏడు మాత్రం కంకి కాల్చుకొని తినడానికి కూడా భయపడింది. నైజాం రాజ్యం కూలిపోయిందని కొందరు, కూలలేదని కొందరు. బాటల మీద లారీలు తిరిగేవి. వాటిలో ఖాకీ బట్టల వాళ్లుండేవారు, అది పాత ఖాకీనో కొత్త ఖాకీనో, లేక ఎవరి పేరు చెప్పుకొని ఎవరు వేసుకున్నారో, మా ఊళ్లో ఎవరికీ అంతు చిక్కేది కాదు. అట్లాంటి ఒక పొద్దున డప్పు మోగింది. ఎవరింట్లో ఏ తుపాకి ఉన్నా, కత్తి ఉన్నా మరునాడు పొద్దుగూకే లోపల గడిలో అప్పజెప్పాలని చాటింపు. నాయిన గుమాస్తాను అడిగాడు, "మల్ల మాకిస్తరా సారూ?" అని. "ఇస్తె నువ్వు పందులను కొడ్తవు, ఇయ్యకుంటె పందులే నిన్ను కొడ్తయి. పోరా పో," అని ఆయన నవ్వాడు.

మరునాడు నాయిన తుపాకిని దించి, నూనె గుడ్డతో తుడిచి, గడికి పోవడానికి తయారుగా పెట్టుకున్నాడు. అప్పుడే మా బావ పరుగెత్తుకొచ్చాడు. మా అక్కను వాగు అవతలి పల్లెకు ఇచ్చాము, తొలిచూలు, మొగుడి ఇంట్లోనే ఉండిపోయింది. నొప్పులు వచ్చి ఒక పగలు ఒక రాత్రి గడిచిందట. మంత్రసాని చేతులెత్తేసిందట. బావ మాట్లాడలేక వాకిట్లో కూలబడి, "మామా, తుపాకి," అన్నాడు, అంతే.

"గడిల అప్పజెప్పే దినం గదనే అవ్వా," అన్నాడు నాయిన.

"గడి యాడికి బోదు. నా మనుమరాలు బోతది," అంది అవ్వ. "ముందుగాల పొల్ల దగ్గరికి పో. తిరిగొచ్చి ఇయ్యి."

మా అమ్మ చెంబు తోముతూ ఆగింది. "బాట మీద లారీలు తిరుగుతున్నయంటాండ్రు. చేతుల తుపాకి పట్టుకొని గట్లెట్ల బోతవయ్యా?"

"గీ తుపాకి పట్టుకుంటెనే గద నన్ను గుర్తు పడుతరు. సుట్టు పల్లెలన్ని ఎరిగిన తుపాకి. ఎవలాపుతరు?" అన్నాడు. చెప్పులు విడిచాడు. తుపాకిని ఎత్తే ముందు అమ్మతో, "చెంబు మరువకు. నడిమిట్ల నన్ను పలకరియ్యకు," అన్నాడు. మా నాయిన నోటి నుంచి మేము విన్న కడపటి మాటలు అవి.

బావ ముందే పరుగెత్తాడు. వెనక నాయిన, ఆయన వెనక చెంబుతో అమ్మ, అమ్మ కొంగు పట్టుకొని నేను. బండ్లబాట మీద రాత్రి వాన తడి ఇంకా ఉంది, నాయిన పాదాల గుర్తుల్లో నేను నా పాదాలు వేస్తూ నడిచాను. చేలల్లో పనిచేసే వాళ్లు తలెత్తి చూసి, తుపాకి మూతి కిందికి ఉండటం చూసి, ఎవరికో ఏమో అని దండం పెట్టి మళ్లీ వంగారు. ఒక్కరు పలకరించలేదు. అందరికీ తెలుసు.

వాగు దగ్గర లారీ నిలబడి ఉంది. చక్రాలు ఇసుకలో దిగి, ఖాకీ వాళ్లు దిగి తోస్తున్నారు. వాళ్లతో దారి చూపించడానికి గడి గుమాస్తా ఉన్నాడు. ఆయనను చూడగానే మా అమ్మ గుండె నిమ్మళపడి, "హమ్మయ్య, మనోడే," అంది.

తుపాకులు మా వైపు తిరిగాయి. "బందూఖ్ కిస్కా హై? బోల్!" అని వాళ్లలో పెద్దవాడు అరిచాడు. నాయిన ఆగాడు. నోరు తెరవలేదు.

గుమాస్తా దగ్గరికొచ్చాడు. "ఎవలిదిరా ముత్తిగా తుపాకి? చెప్పు," అని పైకి అని, గొంతు తగ్గించి, "గడిది అన్నవనుకో, నాలిక కోస్త," అన్నాడు. నాయిన ఆయన ముఖంలోకి చూశాడు. "ఏందిరా, నోట్లె బెల్లం పెట్టుకున్నవా? మూగోనివైనవా?" దాన్ని వాళ్ల భాషలో చెబితే ఖాకీ వాళ్లు నవ్వారు.

మా అమ్మ ముందుకొచ్చింది. "సారూ, కాన్పు తుపాకి సారూ. మందు లేదు, గుండు లేదు. మూతి సూడుండ్రి, కిందికే ఉంది. మా పొల్ల సావుబతుకుల మీదుంది. ఆయన మాట్లాడొద్దు సారూ. మీరు గూడ ఆ పల్లె దనుక జర రాండ్రి, నీళ్లు తాపినంక అన్ని చెప్తడు, మీరేం చేసినా చేసుకోండ్రి."

పెద్దవాడు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఏదో చెప్పాడు. అందులో నాకు 'బహానా' అన్న ఒక్క మాట అర్థమైంది. మేక కాయడానికి పోనని నేను కడుపు నొప్పి వంక పెడితే మా అమ్మ అనే మాట అది.

అమ్మకూ అర్థమైంది. "నీ బిడ్డ కాన్పుకు గీ తుపాకే రాలేదా గుమస్తా సారూ? నువ్వే గద మా వాకిట్లకొచ్చి దండం పెట్టినవు! ఈయన ఎందుకు మాట్లాడడో నీకెరుక లేదా?"

"నాకేం ఎరుక లేదు," అన్నాడు గుమాస్తా, వాగు నీళ్ల వైపు చూస్తూ.

ఒకడు నాయిన చేతిలోంచి తుపాకి గుంజుకున్నాడు. ఇంకొకడు తన తుపాకి మడమతో వీపు మీద కొట్టాడు. నాయిన మోకాళ్ల మీద పడ్డాడు, కిక్కురుమనలేదు. నొప్పికి కూడా గొంతు విప్పకుండా పళ్ల మీద పళ్లు బిగబట్టి ఉన్నాడు. అమ్మ ఆయన ముందు కూలబడి గడ్డం పట్టుకుంది. "ఒక్క మాట చెప్పయ్యా. నీ కాళ్లు మొక్కుత. బిడ్డను దేవుడు సూస్తడు. ఒక్క మాట చెప్పు!" ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపి, చెంబు వైపు చూశాడు, వాగు అవతల కనబడే ఇండ్ల కప్పుల వైపు చూశాడు. పో, అన్నట్టు. ఆయనను లేపి లారీలోకి తోశారు. ఇసుకలోంచి లారీ అప్పుడే బయటపడింది, మా నాయిన బరువు కోసమే ఆగినట్టు.

లారీ ఒక దిక్కు, అక్క ఒక దిక్కు. మా అమ్మ వాగు నడుమ చెంబు పట్టుకొని నిలబడింది. ఆమె ఎటు నడుస్తుందో నాకు తెలియలేదు, ఆమెకూ తెలిసినట్టు లేదు. తరువాత నీళ్లలోంచి అవతలి ఒడ్డుకు ఎక్కింది. ఏడవలేదు. అక్క ఇంటి వెనక నుంచి పోయి, వంటింట్లో బోర్లించిన కుండ అడుగు మసిని వేలితో గీకి చెంబులో కలిపింది. లోపలికి పోయి, "తుపాకి నీళ్లు బిడ్డా, తాగు. నాయిన బయట నిలబడ్డడు," అంది. తలుపు చాటు నుంచి నేను విన్నాను. అక్క తాగింది. ఎండ వాలక ముందే బిడ్డ ఏడుపు వినబడింది. మగపిల్లవాడు. తల్లీ బిడ్డా బతికారు.

నీళ్లు దిగాక ఇక మాట్లాడవచ్చని అక్కకు తెలుసు. పడుకున్న చోటి నుంచి, గోడ మీదుగా, నీరసంగా పిలిచింది.

"నాయినా! ఇగ మాట్లాడు నాయినా. మొగపోరడు. ఇనపడతాందా?"

వాకిట్లో అందరం ఉన్నాము. అక్క మళ్లీ పిలిచింది.

అక్క బతకడం మా నోళ్లు మూయించింది. ఆమె చచ్చిపోయి ఉంటే నాయిన మౌనం వృథా అయిందని ఏడ్చేవాళ్లం. బతికింది గనుక, తుపాకి చేరకున్నా ఆయన నోటి కట్టడి చేరిందని అవ్వ నమ్మింది, ఊరు నమ్మింది, అక్క పోయేదాకా నమ్మింది. నేను నమ్మలేదు. నమ్మని వాణ్ణి ఒక్కణ్ణే కాబట్టి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకొక్కడికే తెలిసింది.

ఆ తరువాత వచ్చిన పెత్తరమాస నాడు ఊరంతా పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చారు. మా అమ్మ చాటలో బియ్యం పోసి, పేరు చెప్పలేక, మళ్లీ గంపలో పోసేసింది. పేరు చెబితే చంపినట్టు. చెప్పకపోతే, పోయి ఉంటే, ఆకలితో వదిలేసినట్టు. ప్రతి ఏడూ అట్లనే పోసి తీసేది. బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు. "మొగుడున్నడో లేడో తెల్వని ముత్తైద" అని పేరంటాలకు పిలిచేవాళ్లు కాదు, ముండమోసినదాని వరసలో కూచోబెట్టడానికీ ధైర్యం చాలేది కాదు. వాకిలికీ గడపకూ నడుమ నిలబడి ముసలిదైంది. ఊళ్లో కొందరు ఆయనను రజాకార్ల మనిషి అన్నారు, కొందరు దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ల మనిషి అన్నారు. ఆయన జొన్నచేల మనిషి.

తుపాకి మాత్రం తిరిగివచ్చింది. తరువాతి దసరాకు గడిలో ఆయుధాలకు పూజ చేస్తుంటే, తోటాల బందూకు పక్కన, బంతిపూల దండతో, మా తాత వేసిన ఇత్తడి కట్టుతో కనబడింది. నేను వేలు చూపించి, "అది మా నాయినది," అన్నాను. "గిసొంటియి శాన ఉంటయి, పో," అన్నాడు గుమాస్తా. అడగడం నేను అప్పుడు మొదలుపెట్టాను.

గడి ఇప్పుడు లేదు, దాని జాగాలో సిమెంటు గోదాము ఉంది. పందులు ఉన్నాయి, వాటికి కరెంటు తీగ పెడుతున్నారు, అప్పుడప్పుడు మనుషులే పడుతున్నారు. కాన్పులన్నీ దవాఖానలో అవుతున్నాయి, సంతోషం. జామగి పేనేవాళ్లు లేరు. బర్మారు అంటే మా మనుమలకు ఏదో ఊరి పేరు అనిపిస్తుందట. వాళ్లు గన్ అంటారు, అన్నిటికీ అదే మాట. అక్క కొడుకు కూడా తాత అయ్యాడు.

చదువు వచ్చింది మొదలు నేను దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. తాలూకా కచేరీలో జిల్లాకు పొమ్మన్నారు, జిల్లాలో పట్నం పొమ్మన్నారు, పట్నంలో అది పాత సర్కారు సంగతి అన్నారు, పాత సర్కారు కాగితాలున్న చోట అది కొత్త సర్కారు వచ్చిన వారం కావచ్చునన్నారు. పింఛను అడగలేదు. భూమి అడగలేదు. తుపాకి కూడా అడగలేదు. మనిషి ఎక్కడ పోయాడో, ఏ నాడు పోయాడో చెబితే, చాటలో బియ్యం పోసి పేరు చెబుతానన్నాను, అంతే. మా అమ్మ పోయింది, అక్క పోయింది, అడిగేవాణ్ణి నేనే మిగిలాను. మొన్న వానాకాలంలో తపాలా మనిషి గొడుగు ముడుచుకొని వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. అన్ని కచేరీలూ తిరిగి తిరిగి, చివరికి నాకు వచ్చిన జవాబు ఇది:

"మీ తండ్రి ముత్తయ్య గురించి మీరు పెట్టుకున్న దరఖాస్తు పరిశీలించడమైనది. మీరు తెలిపిన కాలములో, మీరు తెలిపిన గ్రామ పరిధిలో ఎటువంటి తుపాకియు స్వాధీనపరచుకొనినట్లు రికార్డులలో లేదు. తుపాకి లేనందున సదరు వ్యక్తిని నిర్బంధించవలసిన సందర్భము ఉత్పన్నము కాలేదు. కావున మీ దరఖాస్తు ముగించడమైనది."